కరెంటు తగ్గిన రోజుల పాటలు

పోయిన నెలలో ఒక బుధవారం, జమ్మలమడుగులో మా కాలేజీలో రెండో పీరియడు ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి ఫోనులో ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఏడూ ఒకే అమ్మాయివి. పులివెందుల పిల్ల, ప్రొద్దుటూరులో ఇంజనీరింగు చదువుతోంది, ఆదివారాలు గిటారు భుజానేసుకుని మా మామ ఇంటికి వచ్చేది. నేను తిరిగి ఫోను చేస్తే, "అక్కా, మామ పోయినాడక్కా" అని ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో కంట్రోల్ రూము ఆపరేటరుగా చేసి రిటైరై, ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాడు. మా బంధువులను అడిగితే మంచి ఉద్యోగం చేశాడనీ, ఎవరి జోలికీ పోడనీ చెబుతారు. అవి నిజమే, కానీ అలాంటివాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది వేరే. నాకు తెలిసి ఈ జిల్లాలో ముప్ఫయ్యేళ్లు ఇంగ్లండు రాక్ బ్యాండ్ల పాటలు విని, రిటైరయ్యాక వయసు పిల్లలను కూర్చోబెట్టి, వాళ్లతో సరిసమానంగా పోట్లాడిన మనిషి ఆయనొక్కడే.

మా తాతది తొండూరు వైపు, గొర్రెల మంద. మందలో ఏ గొర్రె కుంటుతోందో గంట చప్పుడు విని చెప్పేవాడట. ఆ చెవులే మామకు వచ్చాయి. విదేశంలో ట్రైనింగు అయి వచ్చిన ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ, మోసుకుపోలేక, ఒక రికార్డు ప్లేయరునూ పెట్టెడు రికార్డులనూ మామ క్వార్టర్సులో వదిలిపోయాడు. వారం తర్వాత మామ మొదటి రికార్డు పెట్టాడు. ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. "ఆ డప్పు కొట్టేటోడు మాత్రం నాకు బాగా అర్థమయినాడు" అనేవాడు.

ఆ బ్యాండ్ల పేర్లు మీకు తెలిసే ఉంటాయి. తెలియకపోయినా ఇబ్బంది లేదు, మా మామ ఇంట్లో వాటిని ఎవరూ వాడలేదు. ఆయన పెట్టిన పేర్లే వాడేవాళ్లం. ఓడరేవు ఊరి నుంచి వచ్చిన నలుగురు రేవు పిల్లోళ్లు. నాలుక బొమ్మ వేసుకున్నవాళ్లు నాలుకోళ్లు. అట్ట మీద మండిపోతున్న గాలిపడవ ఉన్నవాళ్లు గాలిపడవోళ్లు. గాజుముక్కలో నుంచి ఇంద్రధనుస్సు బయటికొచ్చే బొమ్మవాళ్లు గాజుముక్కోళ్లు. అట్ట మీద కిరీటం బొమ్మ ఉండి, నలుగురే నలభై గొంతులతో పాడినట్టు వినిపించేవాళ్లకు కిరీటమోళ్లని పేరు.

రికార్డులు అరిగిపోతాయని ఆయన వాటన్నిటినీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాడు. సెలవురోజు మధ్యాహ్నం, తలుపులు మూసి, అత్తను మిక్సీ కూడా వేయనివ్వకుండా ఎక్కించేవాడు. మొదలుపెట్టే ముందు క్వార్టర్సు ఫోనులో ఎవరికో చేసి, "ఎంతుందప్పా?" అని అడిగి, పెట్టేసేవాడు. తర్వాత క్యాసెట్టు అట్ట మూలన పెన్సిలుతో ఏదో రాసుకునేవాడు. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు నేనిది చాలాసార్లు చూశాను. ఫోను డ్యూటీ సంగతేదో అనీ, ఆ రాత వరస నంబరనీ అనుకున్నాను.

ఆయన నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఇంటర్లో ఉండగా మామ ఇంట్లో ఫిజిక్సు ల్యాబు రికార్డు రాసుకుంటూ, నాకొచ్చిన రీడింగు పుస్తకంలో ఉన్న జవాబుకు దూరంగా ఉంటే, రబ్బరుతో చెరిపి దగ్గరగా దిద్దాను. మామ చూశాడు. ఆయన నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"ఏంది పాపా నువ్వు చేస్తాండేది? మీటరు ఏం జూపిస్తే అదే రాయల్ల. బాగుండాలని రాస్తే అది రీడింగెట్లయితాది?"

ఇరవై రెండేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నాను. ప్రతి ఏడాదీ మొదటి ల్యాబు రోజున పిల్లలకు ఈ మాట నా సొంత మాటలాగా చెబుతాను.

రిటైరైన తర్వాత ఆదివారాలు మొదలయ్యాయి. ముందు గదిలో చల్లటి కడప బండల మీద చాప పరిచేవాడు. అత్త పెద్ద గిన్నెడు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పెట్టి, "ఆ అరుపులు నాకొద్దు నాయనా" అని పక్కింటికి పోయేది. మొదట ఒకరిద్దరు వచ్చేవాళ్లు. ఇటీవల పదిమంది దాకా అయ్యారు. అందరికీ జేబులో ఫోను ఉంది, ప్రపంచంలో ఉన్న పాటలన్నీ అందులో ఉన్నాయి. అయినా ఈ పాత క్యాసెట్ల కోసం ఎండలో వచ్చేవాళ్లు. ఎందుకని నేనొకసారి అడిగితే, బంగారం అంగళ్ల వీధి నుంచి వచ్చే ఒక షావుకారు గారబ్బాయి, "ఫోన్లో అయితే వింటామక్కా, ఈడయితే కొట్లాడతాం" అన్నాడు.

కొట్లాట నిజంగానే గట్టిగా ఉండేది. షావుకారు గారబ్బాయికి కిరీటమోళ్ల తర్వాతే ఎవరైనా. గిటారు అమ్మాయి గాలిపడవోళ్ల పక్షం. నేను రేవు పిల్లల తరఫు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఏడెనిమిదేళ్లలో ప్రేమపాట నుంచి మొదలుపెట్టి పాట అంటే ఎన్ని రకాలుగా ఉండొచ్చో అన్నీ చేసి చూపించి, ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఆ రకాల్లో ఒక్కొక్కటి ఎంచుకుని దానిమీద మేడ కట్టుకున్నారని నా వాదన. మామ అందరినీ విని, బజ్జీ నమిలి, తీర్పు చెప్పేవాడు.

"నాలుకోళ్లు శానా పెద్దమనుషులేం గాదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. కానీ పాట మొదలయితానే కాలు కదలకపోతే నన్నడుగు. రేవు పిల్లోళ్లు నీకు గొంతులో ఉండిపోతారు. గాలిపడవోళ్లు రొమ్ములో కొడతారు. గాజుముక్కోళ్లు ఒంటిగా ఉన్నోళ్లకు తోడు. కిరీటమోళ్లంటావా, మన పెండ్లిళ్లలో బ్యాండుమేళం అంటే ఎవురికిష్టం ల్యాకుండా ఉంటాది?"

మరి ఇప్పటి పిల్లలకు ఇవెందుకు నచ్చుతున్నాయి? తాతల కాలం పాటలు కదా? ఇది నా ప్రశ్న. ఆయన జవాబు తడుముకోకుండా వచ్చింది.

"ఆ పాటలు కట్టినప్పుడు వాళ్లకెంత వయసు పాపా? ఈ పిల్లోళ్ల వయసే. ఇంట్లో ఎవురూ మాట వినరని కోపం, ఎవురన్నా నన్ను చూస్తే బాగుండునని ఆశ. దాన్ని దాచకుండా అరిచినారు. పాడినోళ్లు ముసిలోళ్లయిరి గానీ ఆ అరుపుకు వయసు రాలా."

దీని మీద పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను. ఇంతకంటే సరైన మాట ఎక్కడా దొరకలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం గిటారు అమ్మాయి క్యాసెట్టుతో పాటు వాయించబోయి ఆగిపోయింది. "మామా, శృతి కలవడంల్యా. పాట కొంచెం కిందుంది" అంది. ఫోనులో అదే పాట పెట్టి చూపించింది. నిజమే. మామ క్యాసెట్టు నిదానంగా తిరుగుతోంది, గొంతులు కొద్దిగా బరువెక్కి ఉన్నాయి. నేను వెంటనే ఫిజిక్సు మేడమ్ అయిపోయాను. "బెల్టు సాగిపోయుంటుంది మామా. నీ పాటలన్నీ ఇన్నాళ్లూ తప్పుగానే వింటున్నాం" అని పదిమందిలో అనేశాను. పిల్లలు నవ్వారు. మామ కూడా నవ్వి, "అయ్యుంటాదిలే" అన్నాడు.

నేను అంతటితో ఆగలేదు. నాకు మొదటినుంచీ సగం పని చేసి వదిలే అలవాటు లేదు. ఆ వేసవిలో క్యాసెట్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కొక్క పాట వేగాన్నీ సరిచేసి, పెన్‌డ్రైవులో వేసి పుట్టినరోజు కానుకగా ఇచ్చాను. ఆయన ఒక పాట పూర్తిగా విన్నాడు. "శానా బాగుంది పాపా. తెలివైనదానివి" అని దాన్ని అద్దాల బీరువాలో పెట్టాడు. ఆయన ముఖం నేను సరిగ్గా చూడలేదు. నా తెలివిని చూసుకోవడంలో ఉన్నాను.

తర్వాత మూడు ఆదివారాలు ముందు గది తెరుచుకోలేదు. పిల్లలు గేటు దాకా వచ్చి వెనక్కి పోయారు. మూడో వారం అత్త ఫోను చేసింది.

"ఏమన్నావే ఆయప్పను? క్యాసెట్లన్నీ మూటగడతాండాడు. రేపు పాత సామాన్ల బండాయన వస్తే ఇచ్చేస్తాడంట. తిండి గూడా సరిగ్గా తినడంల్యా."

దొరికిన బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను. మామ ముందు గదిలో బండల మీద కూర్చుని, క్యాసెట్లను పదేసి చొప్పున పేర్చి పురికొసతో కడుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఒక క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాను. అట్ట మూలన పెన్సిలుతో నలభై ఎనిమిదిన్నర అని ఉంది. ఇంకొకటి తీశాను. నలభై తొమ్మిది. మరోదాని మీద మళ్లీ నలభై ఎనిమిదిన్నర. అన్నిటి మీదా ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కూడా పట్టించుకోలేదు, వరస నంబర్లని చిన్నప్పటినుంచీ అనుకుంటున్నవి అవి.

చదువుకున్న ఫిజిక్సు అప్పుడు పనికొచ్చింది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై హెర్ట్జులు ఉండాలి. వాడకం ఎక్కువై, తయారీ చాలనప్పుడు అది పడిపోతుంది. ఆ పాత రికార్డు ప్లేయరు మోటారు దాన్ని బట్టే తిరుగుతుంది. అది పడితే మోటారు నిదానిస్తుంది, పాట కిందికి దిగుతుంది, క్యాసెట్టులోకి అలాగే ఎక్కుతుంది. "ఎంతుందప్పా?" అని ఆయన అడిగింది కంట్రోల్ రూమును.

"నీకు ముందే తెలుసా మామా?"

"తెలీకుండా ఎట్లుంటాది? నా ఉద్యోగమే అది గదా. ఆ ఎండాకాలాల్లో పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆడతాండె. మేము బాయిలరు కాడ చచ్చేంత పని చేసినా యాభైకి ఎక్కేది గాదు. అట్లాంటి మధ్యాహ్నాల్లో ఎక్కించినవి ఇవి. ఎప్పుడన్నా ఎవురన్నా సరిచేసుకోవల్లంటే పనికొస్తాదని రాసిపెట్టినా."

"మరి బెల్టు అని నేను వాగుతుంటే చెప్పలేదేం?"

"పదిమందిలో మాట్లాడితివి. కాదంటే నీకు బాగుండదు." కొస ముడివేసి మళ్లీ అన్నాడు, "సరైనవి వచ్చినాయి గదా. ఇంక ఈ తప్పుడువి యాల పాపా?"

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తప్పుడువి కావు మామా అన్నాను. మీటరు చూపించింది చూపించినట్టు రాసుకున్నావు, నేనే బాగుండాలని దిద్దాను, చిన్నప్పుడు రబ్బరుతో చేసిన పనే మళ్లీ కంప్యూటరుతో చేశాను అన్నాను. ఆయన కట్టిన ముడి విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా బిగించాడేమో, ఇద్దరం కలిసి విప్పాల్సి వచ్చింది.

ఆ ఆదివారం గది తెరుచుకుంది. ఆ నంబర్లేమిటో మామ తనే పిల్లలకు చెప్పాడు. అప్పటినుంచి ఆయనకొక కొత్త పరీక్ష దొరికింది. కరెంటు తగ్గినా నిలబడే పాటే పాట. కిరీటమోళ్ల నలభై గొంతులు నలభై ఎనిమిదిన్నర మీద ఊరేగింపు అలిసిపోయినట్టు వినిపిస్తాయని ఒప్పుకోవడానికి షావుకారు గారబ్బాయికి నెల పట్టింది. గాజుముక్కోళ్ల పాటకు ఒక పిల్లవాడు నిజంగానే నిద్రపోయాడు. నాలుకోళ్లు నిదానిస్తే ఇంకా కొంటెగా తయారయ్యారు. గాలిపడవోళ్ల డప్పు మాత్రం బండల కింద నుంచి వచ్చినట్టుండేది. ఆ పరీక్షలో మా రేవు పిల్లలు కూడా చక్కగానే నెగ్గారు, అది రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

ఇలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లూ నాకు దక్కాయి, అందుకు ఎవరికి దండం పెట్టమన్నా పెడతాను.

మామ పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక, మధ్యాహ్నం, ఆ పిల్లలందరూ ముందు గదిలో చేరారు. ఎప్పుడూ పక్కింటికి పోయే అత్త ఆ రోజు గడప మీద కూర్చుంది. "ఆయప్పకిష్టమైంది ఒకటి వాయించండి నాయనా" అంది. గిటారు అమ్మాయి గిటారు బయటికి తీసింది. పిల్లలకు సులువుగా ఉంటుందని నేనే బీరువా తెరిచి పెన్‌డ్రైవు తీశాను. అందులో శృతి సరిగ్గా ఉంటుంది, గిటారు తీగలు మళ్లీ సవరించుకోనక్కర్లేదు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అది వద్దక్కా. క్యాసెట్టు పెట్టు" అంది.

పెట్టాను. అట్ట మీద నలభై ఎనిమిదిన్నర అని ఉంది. మామ పెన్సిలు రాత చెదరలేదు. పాట మొదలైంది, ఆనాటి ఎండాకాలం మధ్యాహ్నంలాగా నిదానంగా, కొంచెం బరువుగా. ఆ అమ్మాయి గిటారును ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, ఒక్కొక్క తీగ బిరడానే వదులు చేయడం మొదలుపెట్టింది. షావుకారు గారబ్బాయి కళ్లు మూసుకుని వింటూ పక్కన కూర్చున్నాడు.

"ఇంగొంచెం దించు" అన్నాడు. ఆమె దించింది. "ఇంగొంచెం."