నాయన నిమ్మతొక్కల వాసన

నిన్న చర్చిలో నా ముందు కూర్చున్న కుర్రాడు నిమ్మవాసన సెంటు పూసుకొచ్చాడు. ఈ వేసవిలో మగపిల్లలు ఎక్కువగా అదే వాడుతున్నారట. నాకు మాత్రం నాయన గుర్తొచ్చాడు.

నాయన చేపలు అమ్మేవాడు. ఆదివారం పొద్దున పిండేసిన నిమ్మతొక్కలు చేతులకూ మెడకూ రుద్దుకుని స్నానం చేసేవాడు.

"ఏందయ్యా, పెళ్లికొడుకువా?" అని అమ్మ నవ్వేది.

"చేపల కంపుతో చర్చికి పోతే పక్కనోళ్లు జరిగి కూసుంటారు మే!"

నా ఈడువాళ్లకు గుర్తుందా, మన నాయనల సెంటు అదేగా? చర్చిలో ఆయన చేతికి ముక్కు ఆనించి కూర్చునేదాన్ని.

నాయన పోయాక చర్చికి ఒక్కదాన్నే వస్తున్నాను, నా పక్కన మావాళ్లెవరూ కూర్చోరు. నిన్న అందరూ ఆమెన్ అన్నాక కూడా నేను కళ్లు తెరవలేదు. ఆ కుర్రాడు లేచి, ఆ వాసనతో గుమ్మం దాటేదాకా అలాగే ఉండిపోయాను.