క్యాలెండర్‌లో చెరుకు కోత

పదో తరగతి లెక్కల దగ్గర బడికీ నాకూ చెడింది. అలాంటి నాకు నిజామాబాద్‌లోని యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో డాక్టరేట్లున్న పెద్దమనుషులకు కంప్యూటర్ నేర్పే పని దొరికింది. నేను నేర్చింది మాత్రం బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో. తీసుకునేటప్పుడే ప్రిన్సిపాల్ చెప్పారు: "పరీక్షల లోపల సార్లందరు ఈమెయిల్, గీ ఉమ్మడి క్యాలెండర్ వాడాలె. వాడకుంటే మిషన్లు మూలకు, నువ్వు ఇంటికి."

ఆ రోజు నుంచి కుర్చీలో కుదురుగా కూర్చుంటే ఒట్టు. నా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, స్టాఫ్ రూమ్‌లో పేపర్లు మొహాల మీదికి లేచేవి. మెయిల్ పంపడం, పంపానని చెప్పడానికి మళ్లీ నేనే పరిగెత్తడం. ఒక సారుగారైతే మెయిల్‌ను అచ్చు తీయించి, కింద "చూసితిని" అని రాసి, సంతకం చేసి నా చేతికే ఇచ్చారు.

ఏం చేయాలన్నా అందరూ పెద్దసారు వైపే చూసేవారు. ఆయన చెప్పేది చరిత్ర. ఆయనది బోధన్ దగ్గరి ఊరు, చెరుకు తోట ఉంది.

"ఏం తమ్మీ, మళ్ల అచ్చినవా? జోరీగ లెక్క ఎంటవడ్డవేంది?"

"మీరొక్కరు కూసుంటే చాలు సార్, మిగిలినోళ్లు మీ ఎనుకనే అస్తరు."

"నీ డబ్బ రాకముందు గీ కాలేజీ నడ్వలేదా?"

"నడిచింది సార్. ఎడ్లబండి గూడ నడిచింది."

పక్క సార్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నా నోరే నా నౌకరీని మింగుతుందేమోనని ఆ పూట అన్నం సహించలేదు.

చెరుకున్న సార్లకు ఒక పద్ధతి ఉండేది. చెరుకు కొట్టి పంపమని చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రాగానే సెలవు పెట్టకుండా తోటకు వెళ్లడం, క్లాసు ఇంకొకరు చూసుకోవడం, మర్నాడు వచ్చి హాజరు రిజిస్టర్‌లో నిన్నటి సంతకం పెట్టడం. ఆ వారం పెద్దసారూ, ఆయన క్లాసు చూడాల్సిన సారూ ఒకే రోజు కోతకు పోయారు. గదిలో పిల్లలు చేసిన అల్లరి ఊరంతా వినబడింది. మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఇద్దరూ తగువుకు దిగారు.

"నువ్వు చెప్పాలె గదనే?" అన్నారు పెద్దసారు.

"నువ్వెందుకు చెప్పలే అన్నా?"

మధ్యలో దూరాను. "ఎవరి కోత ఎప్పుడో క్యాలెండర్ల ఏస్తే అందరికి కనవడ్తది సార్. లొల్లే ఉండది."

పెద్దసారు నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ మిషన్ ముందుకు జరుపుకున్నారు. "ఏడ ఒత్తాల్రా?"

అంతే. క్యాలెండర్ నిండా చెరుకు కోతలే. మోర్తాడ్ నుంచి వచ్చే సారు తన పసుపు ఉడకబెట్టే రోజులు వేసుకున్నారు. "రేపు నా క్లాసు చూడన్నా" అని మెయిళ్లు తిరిగాయి. కాలేజీ తప్ప అన్నీ ఉన్నాయి అందులో. నాకు సంతోషం, దానికి రెట్టింపు గుబులు. పెద్దసారుతో అన్నాను.

"సార్, ప్రిన్సిపాల్ సార్‌కు గూడ కనవడ్తది."

"ఆయన మిషన్ మీద కప్పిన బట్టనే ఇంక తియ్యలేదుర! నువ్వు ఊకో."

పరీక్షలు దగ్గరపడ్డాక ప్రిన్సిపాల్ పిలిచారు. వెళ్లేసరికి బట్ట మడత పెట్టి పక్కన ఉంది. క్యాలెండర్ తెరిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో గడినీ చదివారు.

"గిది కాలేజా, ఫ్యాక్టరీ యార్డా?"

ఆయన మౌస్ కిందికి జరుపుతూ చివరి దాకా చూశారు.

"మొత్తానికి అందరు వాడుతున్నరు. నువ్వు ఉండు. బయటికి పోయి హాజరు రిజిస్టర్ తెమ్మని అటెండర్‌కు చెప్పు. గీ కోతల దినాల సంతకాలు చూడాలె."

తలుపు బయటే పెద్దసారు. "నీ నౌకరి నిలవడ్డదా?"

"నిలవడ్డది సార్."

"రిజిస్టర్ ఎందుకంట?"

నా మొహం చూసి ఆయన స్టాఫ్ రూమ్ వైపు పెద్ద పెద్ద అంగలేశారు. నేను నా బల్ల దగ్గరికి వచ్చేసరికి తెర మీద కోతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. కూర్చోలేక నిలబడే మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాను. పసుపు కూడా పోయింది. క్యాలెండర్ మొదటి రోజు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా అయింది, సార్లు వాడుతున్నారని చూపడానికి ఒక్క అక్షరం మిగల్లేదు. అప్పుడే ప్రిన్సిపాల్ గదిలో గంట మోగింది, నా కోసమే.