పార్కు గేటు పక్కనే గది

హోటల్ గది ఎలా ఎంచుకోవాలో నన్ను మాత్రం అడక్కండి బాబూ! పోయిన ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హైదరాబాదులో ఒక పెళ్ళిలో చక్రాల కుర్చీ తోశాను. ఏ పెళ్ళికైతే రాలేనని ముందే చెప్పేశానో, సరిగ్గా ఆ పెళ్ళిలోనే! కుర్చీలో ఉన్నది మా అమ్మ. ఆవిడ కాళ్ళు లక్షణంగా ఉన్నాయి. నవ్వకండి, ఆగండి, మొదట్నుంచీ చెప్తా. టీ చల్లారితే ఇంకోటి తెప్పిద్దాం.

మా చిన్ని సంగతి మీకు తెలుసుగా. హైదరాబాద్ శివార్లలో ఆ పెద్ద థీమ్ పార్కు లేదూ, అందులో తలకిందులుగా తిప్పే రోలర్ కోస్టర్ ఒకటుంది. అదంటే దీనికి పిచ్చి. మొదటిసారి తీసుకెళ్తే అక్కడ నిలబెట్టి కొలిచి, "పాప హైటు చాల్లేదు సార్" అని పక్కకి పంపేశారు. కాస్త పొడుగయ్యాక మళ్ళీ తీసుకెళ్ళా. అప్పుడు దిగింది మా మేనత్త ఇంట్లో. చుట్టాలింట్లో దిగితే ఏమవుతుందండీ? పెసరట్టు, ఉప్మా, ఆ తర్వాత కాఫీ, కాఫీ అయ్యాక "ఎండన పడి ఎక్కడికి, భోంచేసి వెళ్దురుగాని". మేం పార్కుకి చేరేసరికి కోస్టర్ లైను మూసేశారు! తిరిగొచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు అది. ఏడిస్తే ఏ ఐస్‌క్రీమో కొనిచ్చి ఊరుకోబెట్టొచ్చు. ఏడవను కూడా ఏడవలేదు. నందిగామ దాటాక మాత్రం, "నువ్వు తీసుకెళ్తానంటే ఇంతే నాన్నా" అంది. పదేళ్ళ పిల్ల! నాకు రెండ్రోజులు అన్నం సహించలేదు.

అందుకని ఈసారి గట్టిగా అనుకున్నా. పరీక్షలైపోయిన వెంటనే వచ్చే ఆదివారానికి టికెట్లు కొనేశా. వాళ్ళు గేటు తీసేసరికి మనం గేటు ముందుండాలి. అంటే గేటు పక్కనే దిగాలి. చుట్టాల ఇల్లూ లేదు, గిట్టాల ఇల్లూ లేదు!

ఇక మొదలైంది గది వేట. నాకసలే కుదురు తక్కువ. ఆఫీసులో కూచున్నా కాలు ఊపుతూనే ఉంటా. ఈ బుకింగ్ యాపుల్లో ఫ్రీ క్యాన్సిలేషన్ అని ఒకటి పెట్టారు చూశారా, అది నాలాంటివాడి చేతికి ఇవ్వకూడదండీ! పొద్దున బుక్ చేస్తా. మధ్యాహ్నం రివ్యూలు చదువుతా. సాయంత్రానికి క్యాన్సిల్ చేస్తా. ఒకడు "దుప్పట్లు మెత్తగా ఉన్నాయి" అని రాస్తాడు, దాని కిందే ఇంకోడు "ఆ దుప్పట్లో నల్లులు" అని రాస్తాడు. ఎవణ్ణి నమ్మాలి?

ఇంట్లో తలా ఒక షరతు. "బాత్రూం ఫొటో పెట్టనివాడి హోటల్‌కి నేను చచ్చినా రాను" అని మా ఆవిడ సుధ. "పొయ్యి ఉంటే చూడరా, కాస్త చారు పెట్టుకుందాం" అని అమ్మ. "కిటికీలోంచి కోస్టర్ కనిపించాలి" అని చిన్ని. ఈ మూడూ ఉన్న ఇల్లొకటి దొరికింది. సంబరపడిపోయి ఓనరుకి ఫోన్ చేసి, పార్కు ఎంత దూరమండీ అని అడిగా. "పక్కనే సార్, ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుద్ది" అన్నాడు. మ్యాపు తీసి చూస్తే మధ్యలో చెరువుంది! కేకైతే వినపడుద్ది, నిజమే. మనిషెలా వెళ్తాడు?

"ఏదో ఒకటి తీసుకుని ఆ ఫోను కింద పెట్టండి. మీ కాలు ఊపుడికి మంచం కూడా ఊగుతోంది" అంది సుధ.

సరిగ్గా అప్పుడు చల్లపల్లి నుంచి రామం బాబాయి ఫోన్. మా నాన్నకి బాబాయి కొడుకు. ఆయన కూతురు బుజ్జి, నాకు చెల్లెలు వరస.

"ఒరేయ్ శీనూ! బుజ్జి పెళ్ళిరా! పరీక్షలవీ అయిపోతాయి కదా అని, ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే ముహూర్తం పెట్టించాం. మగపెళ్ళివాళ్ళది హైదరాబాదు కదా, అక్కడే..."

ఆదివారం అనేసరికి నా గుండెల్లో రాయి పడింది. హైదరాబాదులో ఎక్కడో చెప్పనిచ్చానా ఆయన్ని? లేదు!

"అయ్యో బాబాయ్! అమ్మకి మోకాళ్ళు బొత్తిగా బాలేదు. నాలుగడుగులు వెయ్యలేకపోతోంది. అంత దూరం ప్రయాణమంటే..."

"అయ్యయ్యో, వదినకా? ఏదీ, ఒకసారి ఫోనివ్వు."

అమ్మకి వేరే ఫోన్ లేదు. అందరూ నాకే చేస్తారు. "నిద్రపోతోంది బాబాయ్" అన్నా. వంటింట్లో అమ్మ మిక్సీ వేసింది, కొబ్బరి పచ్చడికి.

"ఆ చప్పుడేంట్రా?"

"పక్కింట్లో బోరు వేస్తున్నారు బాబాయ్."

"సర్లే, జాగ్రత్తగా చూసుకో. శుభలేఖ పోస్టులో పంపిస్తాలే."

"మనలో మనకి శుభలేఖలేంటి బాబాయ్! నువ్వు నోటితో చెప్పావు, అది చాలదూ?"

ఎంత మర్యాదగా మాట్లాడానో చూశారా! ఫోన్ పెట్టేశాక పాపం అనిపించింది, నిజంగానే. చిన్నప్పుడు బుజ్జిని సైకిల్ ముందు కూచోబెట్టుకుని చల్లపల్లి అంతా తిప్పినవాణ్ణి. కానీ కార్లో మూతి బిగించుకుని కూచున్న చిన్ని మొహం గుర్తొచ్చేది. సుధకి చెప్తే, "ఎప్పటికైనా బయటపడుతుంది, చూసుకోండి" అంది. అమ్మకి మాత్రం పెళ్ళి ఊసే ఎత్తలేదు. ఎత్తితే ఇంకేమన్నా ఉందా, ముందు రోజే బయల్దేరదీస్తుంది.

మర్నాడు యాపులో ఒక రిసార్టు కనిపించింది. పార్కు గోడా దాని గోడా ఒకటే. బాత్రూం ఫొటోలున్నాయి. కిటికీలోంచి కోస్టర్ కనిపించే గదికి కొంచెం ఎక్కువట. పైగా ఎర్రక్షరాలతో "ఇంకొక్క గదే మిగిలింది" అని రాసుంది. నాకు చెమటలు పట్టేశాయి. టకటకా డబ్బు కట్టేశా. మిగతా గదులన్నీ ఎవరు తీసుకున్నారని ఒక్క క్షణం ఆలోచించానా? ఎందుకాలోచిస్తా!

శనివారం సాయంత్రం దిగాం. గేటు దగ్గర బంతిపూల తోరణాలు, అరటి చెట్లు. బోర్డు మీద పెళ్ళికూతురి పేరు ఇంతింత అక్షరాలతో, లక్ష్మీ సాయి హర్షిత అని. ఎవరో అనుకున్నాం. మా బుజ్జికి బుజ్జి కాక ఇంకో పేరుంటుందని ఇన్నేళ్ళలో ఏనాడూ తట్టలేదండీ నాకు! బాబాయి వాళ్ళింకా దారిలో ఉన్నారట, ఒక్క తెలిసిన మొహం కనపడలేదు. "ఎవరి పెళ్ళో గానీ ఖర్చుకి వెనకాడలేదురా" అని అమ్మ మెచ్చుకుంది కూడా. చిన్ని కిటికీ దగ్గర్నుంచి కదిల్తే ఒట్టు. "నాన్నా, అదిగో అక్కడే తలకిందులవుతుంది!" అని చూపించింది. ఎన్ని హోటళ్ళు మార్చానో, అన్నిటికీ ఫలితం దక్కిందనుకున్నా.

పొద్దున్నే అది బూట్లేసుకుని, టోపీ పెట్టుకుని సుధని లాక్కుని మెట్ల దగ్గరికెళ్ళిపోయింది. నేనూ అమ్మా కింద హోటలు టిఫిన్ల హాల్లో గబగబా ఇడ్లీ తినేసి వస్తామన్నాం. అమ్మకి గారె నచ్చింది. ఇంకోటి తెచ్చుకుంటానని లేచి, చకచకా నడుచుకుంటూ వెళ్ళింది. ఆ నడకకి ఎదురుగా పట్టుపంచెలో రామం బాబాయి!

"వదినా!"

నా గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. నేలలోకి దిగిపోదామంటే అంతా పాలరాయి. బాబాయి అమ్మ మోకాళ్ళ వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ మోకాళ్ళ వంక చూశాడు. ఇప్పుడు తిడతాడనుకున్నా. తిట్టినా బాగుండేది. ఆయన కళ్ళలో నీళ్ళు!

"నాలుగడుగులు వెయ్యలేవని చెప్పాడే వీడు! ఆ కాళ్ళతో ఇంత దూరం, మా బుజ్జి కోసం, చెప్పా పెట్టకుండా... ఏమే, చూశావా, వదిన వచ్చింది! ఇదీ అభిమానమంటే!" అని వెనకాలొస్తున్న పిన్నికి చూపించాడు.

అమ్మ నా వంక తిరిగింది. చిన్నప్పుడు నా లెక్కల మార్కులు చూసి చూసేది ఆ చూపు. ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. మెల్లిగా ప్లేటు బల్ల మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, "అమ్మా..." అంటూ కుర్చీలో కూలబడింది.

"ఏం చెయ్యను రామం, మనసొప్పింది కాదు. శీను వద్దనే అన్నాడు, నేనే వినలేదు."

మా అమ్మ బంగారం అనుకున్నా. నన్ను కాపాడిందని పొంగిపోయా. బాబాయి కేకేసి హోటలు వాళ్ళ చేత చక్రాల కుర్చీ తెప్పించాడు. అమ్మ దర్జాగా అందులోకి మారి, "తొయ్యరా నాయనా" అంది. అప్పుడు తెలిసిందండీ నాకు, అది కాపాడటం కాదని.

స్తంభం చాటుకెళ్ళి సుధకి ఫోన్ చేశా. "లోపలికి రావద్దు! ఈ పెళ్ళి బుజ్జిదే! చిన్నికి ఏం చెప్పకు, టికెట్లు నీ దగ్గరే ఉన్నాయిగా, నేరుగా గేటు దగ్గరికి పొండి!"

"మరి మీరు?"

"నేను పెళ్ళిలో ఉన్నా."

"రానని చెప్పిన పెళ్ళిలోనా?" అంది. ఆ తర్వాత నవ్వే వినిపించింది, కట్ చేసింది.

ఇక చూడండి నా పాట్లు. "శీనూ, మగపెళ్ళివారిని పలకరించాలి, అటు పోనీ." "ఇక్కడ ఏసీ మీద పడుతోంది, ఇటు తిప్పు." "వంటలు ఎంతదాకా వచ్చాయో చూద్దాం పద." పందిట్లో ఎవరూ చూడకుండా వెనక్కి వంగి, "నేను నిద్రపోతున్నానా? పక్కింట్లో బోరు వేస్తున్నారా?" అని మెల్లిగా అంటుంది. బాబాయి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు మరి! "పొరపాటైందే అమ్మా" అంటే, "పొరపాటైతే తొయ్యి" అంటుంది.

మధ్యమధ్యలో బాబాయి వచ్చి "కోడలేదిరా?" అని అడుగుతాడు. పట్టుచీరల గుంపు వైపు చెయ్యి చూపిస్తా. ఎవరో ఒకరు కనిపిస్తారు, సంతోషంగా వెళ్ళిపోతాడు.

నా ప్రాణం మాత్రం గోడ అవతలే ఉంది. కోస్టర్ కిందకి దిగినప్పుడల్లా కేకలు వినపడుతున్నాయి. అందులో చిన్ని గొంతుందా? ఈసారైనా ఎక్కనిచ్చారా? మళ్ళీ కొలత కొలిచి పంపేశారా? సుధకి చేస్తే ఎత్తదు. ఫోన్లు లాకర్లో పెట్టాలట అక్కడ. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అందరూ పెళ్ళికూతుర్ని చూస్తున్నారు, నేను గోడ మీంచి కనిపించే ఆ ఇనప పట్టాల్ని చూస్తున్నా.

భోజనాల దగ్గర బాబాయి చెవిలో, "మగపెళ్ళివారికి ఒక గది తక్కువైందిరా. పెళ్ళికొడుకు పెద్దమ్మగారు నడుం వాల్చాలంటున్నారు, నీ తాళం ఇలా ఇవ్వు" అన్నాడు. ఇవ్వనంటానా? ఆవిడ వెళ్ళినంతసేపు లేదు, దిగొచ్చేసింది.

"ఆ గది ఎవరు చూశారు బాబూ? కిటికీ నిండా పార్కు, ఒకటే గోల! పెళ్ళికొచ్చేవాళ్ళకి అలాంటి గదా? కాస్త ఆలోచించి బుక్ చెయ్యొద్దూ?"

"నిజమేనండీ" అన్నా. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం హోటలు మెట్ల ముందు అప్పగింతలు. కారుకి పూలు కట్టేసి ఉన్నాయి. బాబాయి బుజ్జిని పట్టుకుని ఏడుస్తున్నాడు, పిన్ని ఏడుస్తోంది, సన్నాయి కూడా ఏడుస్తోంది. అప్పుడొచ్చారు సుధా చిన్నీ, జుట్టంతా రేగిపోయి. నేను కుర్చీ వదిలేసి పరిగెత్తా.

"ఎక్కావా?"

"మూడుసార్లు నాన్నా!" అంది, కళ్ళింత చేసుకుని.

అమ్మయ్య! చక్రాల కుర్చీ పోనీ, పెద్దమ్మగారు పోనీ, నా కూతురు ఎక్కేసింది! ఇంతలో చిన్ని నా పక్కనుంచి తొంగిచూసింది.

"నాన్నా, ఆ పెళ్ళికూతురు బుజ్జత్త కదూ?"

"అవునమ్మా..."

"బుజ్జత్త పెళ్ళా? అయిపోయిందా? తలంబ్రాలు కూడానా?" నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "పెళ్ళిలో పక్కనే కూచుంటానని బుజ్జత్తకి మాటిచ్చా నాన్నా! లంగా కూడా కుట్టిస్తానంది! పార్కుకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా, నాకెందుకు చెప్పలేదు?"

కార్లో ఏడవని పిల్ల, కోస్టర్ ఎక్కనివ్వనప్పుడు ఏడవని పిల్ల, అప్పుడు అందుకుంది రాగం! వెళ్ళి బుజ్జిని చుట్టేసుకుని ఒకటే ఏడుపు. చుట్టూ ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకుంటున్నారు. "మేనత్తంటే ఎంత ప్రాణమో పిల్లకి!" అని బాబాయి ఇంకా ఏడ్చాడు. ఇక నా వల్ల కాలేదండీ. అమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడి భోరుమన్నా. వీడియో తీసేవాడు పరిగెత్తుకుంటూ వచ్చి, లైటు వేసి మరీ నా మొహాన్ని క్లోజప్‌లో తీశాడు.

నిన్న బాబాయి ఆ ముక్క చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపించాడు, కింద "అన్నయ్యంటే ఇలా ఉండాలి" అని రాసి. అందరూ దణ్ణాలు పెట్టారు. నేనూ ఒక దణ్ణం పెట్టి ఊరుకున్నా.