శేషగిరిగారి ఎడమ స్పీకరు

షికాగో దగ్గరి షామ్‌బర్గ్‌లో శేషగిరిగారిది వీధి చివరి ఇల్లు. ఆయన కరెంటు కంపెనీలో రిలేల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడో తీగ తెగితే మిగతా ఊరు చీకటి కాకుండా ఆపేవి ఆయన రిలేలే. ఒక్కొక్కటి బీరువా అంత ఉండేది.

ఇప్పుడు ఆయన పాలనలో ఉన్నది ఒక్క రిలే. హాల్లోని పాత ప్రీయాంప్లిఫయరులో, అంటే పాటను స్పీకర్లకు పంపే పెట్టెలో, ఉంటుంది. చింతపిక్కంత. స్విచ్ వేస్తే కాసేపు ఆగి టిక్కుమంటుంది. అప్పుడు పాటకు దారి వదులుతుంది. ఆ టిక్కు కోసం ఆయన రోజూ కాఫీ పట్టుకుని నిలబడతారు.

సోమవారం టిక్కు వచ్చింది. కుడి స్పీకరు పాడింది. ఎడమది పాడలేదు.

"శనివారం లలితా పారాయణం మనింట్లో," అన్నారు భార్య శారదగారు. "రికార్డు వింటూ అందరం కలిసి చదువుతాం. అప్పటికి రెండూ మోగకపోతే మీ పెట్టె బేస్‌మెంట్‌లోకి. మనవరాలిచ్చిన చిన్న స్పీకరు ఉంది."

ఆ స్పీకరు మంచినీళ్ళ గ్లాసంత ఉంటుంది. శేషగిరిగారు దాని వైపు చూడరు.

"ఒక్కటి కొట్టండి, పలుకుతుంది."

"కొట్టడం ఇంజనీరింగ్ కాదు."

ఆయన పెట్టె వెనక తీగలు అటువి ఇటు మార్చారు. ఈసారి కుడి స్పీకరు మూగబోయింది. అంటే స్పీకర్లు మంచివే. తప్పు పెట్టెలోనే. పై మూత విప్పి, పెన్సిల్ వెనక వైపుతో రిలే మీద తట్టారు. పాట వచ్చింది. పోయింది. మళ్ళీ తట్టారు.

"కొడుతున్నారా?"

"తడుతున్నాను. ఇది టెస్టింగ్."

"ఉగాది నుంచీ నేనూ అదే టెస్టింగ్ చేస్తున్నాను. మీరు స్నానానికి వెళ్ళగానే."

శేషగిరిగారు పెన్సిల్ కింద పెట్టారు.

తర్వాత ప్లగ్గు పీకారు. రిలే తొడుగు తీశారు. తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, స్పిరిట్‌లో తడిపి, లోపల ఒకదానికొకటి తాకే రేకుల మధ్య నుంచి లాగారు. కాగితానికి గోధుమరంగు జిడ్డు అంటింది. వాసన చూశారు.

సాంబ్రాణి.

పెట్టె పక్కనే దేవుడి అర. ధూపం పొగ రోజూ పెట్టె మీది చీలికల్లోంచి దిగి రిలేలో కాపురం పెట్టింది.

"శారదా, ఆ ధూపం కాస్త జరిపితే..."

"దేవుడు తూర్పుముఖంగా ఉన్నాడు. కదల్చను."

"దేవుణ్ణి కాదు. పొగని."

"పొగ నా మాట వింటుందా? మీ పెట్టెను జరపండి."

పెట్టె రెండు స్పీకర్ల మధ్యే ఉండాలి. గుడ్డ కప్పితే వేడెక్కుతుంది. ఆయన రేకులు శుభ్రంగా తుడిచి, అన్నీ బిగించి, ఊరుకున్నారు.

శనివారం రెండు స్పీకర్లూ పలికాయి. ఆడవాళ్ళు వచ్చారు. శారదగారు పెద్ద ధూపమే వేశారు. పొగ లేచింది, ఒరిగింది, పెట్టె వైపు నడిచింది. శేషగిరిగారు విసనకర్ర తీసుకుని మధ్యలో నిలబడ్డారు. పొగను కిటికీ వైపు విసిరారు. చెయ్యి మార్చి విసిరారు. పారాయణం అయ్యేదాకా విసురుతూనే ఉన్నారు. ఎడమ స్పీకరు ఒక్క నామమూ మింగలేదు.

"అంకుల్ అమ్మవారికి ఎంత సేవ చేస్తున్నారో చూడండి ఆంటీ!" అంది పక్క వీధి దేదీప్య. "మా ఆయన కౌశిక్ సోఫాలోంచి లేవడు."

శారదగారు భర్త వంక చూశారు. ఆయన ఇంకా విసురుతున్నారు.

"భక్తి ఈ వారమే మొదలైందమ్మా," అన్నారు ఆవిడ. "వచ్చే శనివారం పారాయణం మీ ఇంట్లోనేగా? పంపిస్తాను. విసనకర్ర ఆయనే తెచ్చుకుంటారు."