ఆయాసం తీరాకే లోపలికి

పెద్దవాళ్ళ ముందు రొప్పడం మా పిన్ని లెక్కలో తప్పు. ఈ మర్యాద ఆవిడకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఆ నేర్పినవాళ్ళు దొరికితే నాలుగు దులిపెయ్యాలని నాకు ఇప్పటికీ ఉంది.

పిన్ని పని చేసేది బట్టలు ఉతికే కంపెనీలో. హోటళ్ళ నుంచి, ఆసుపత్రుల నుంచి దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు లారీల్లో వచ్చిపడతాయి. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ లారీ ఎక్కిస్తారు. పిన్నిది ప్రెస్సు దగ్గర పని. తడి గలీబును బల్ల మీద పరిచి కాలితో పెడలు తొక్కితే, కాలే పైమూత దిగి బుస్సుమంటూ నొక్కుతుంది. మూత లేవగానే గలీబు తీసి మడత పెట్టాలి. ఆవిడ మడతలో అంచు సరిగ్గా అంచు మీద కూర్చుంటుంది. అందుకే అక్కడ అందరూ ‘మడతలక్క’ అంటారు. ఇంట్లో నేల తుడిచే గుడ్డను కూడా మడత పెట్టే మనిషి, ఇంకేం చెప్పను!

బాబాయి పోయాక ఆ ఇల్లు నడిచేది ఈ జీతం మీదే. అలాంటి మనిషికి నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం మొదలైంది. గోడకు చేరబడి కూర్చునే నిద్రపోయేది. పాదాలు ఉబ్బిపోయేవి. నేను పోరగా పోరగా గుండె డాక్టరు దగ్గరికి వచ్చింది. గుండెలో వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నాడాయన. మూడు నెలలు మందులు వేసుకుని పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే ఆపరేషను చెయ్యొచ్చు, ఇలాగే నిలబడి పని చేస్తూ పోతే అది కూడా చెయ్యలేమని ఖచ్చితంగా చెప్పి, ఉత్తరం రాసిచ్చాడు.

ఆ ఉత్తరం చాలదన్నారు కంపెనీలో. బయటి డాక్టర్లు ఎవరు ఏమి రాసినా, కంపెనీ పెట్టుకున్న డాక్టరు మనిషిని చూసి సరేనంటేనే సెలవు. ఆయన కాదన్నాక ఇంట్లో కూర్చుంటే పేరు కొట్టేస్తారు. పేరు పోతే జీతమే కాదు, ఆపరేషనుకు కంపెనీ పెట్టుకోవలసిన ఖర్చూ పోతుంది. అంటే పిన్ని ప్రాణం ఇప్పుడు ఆ కంపెనీ డాక్టరు చేతిలో ఉంది.

ఆయన గది మూడో అంతస్తులో. ఆ రోజు లిఫ్టు పని చెయ్యడం లేదు. నేను పని చేసే మందుల షాపులో అనుమతి దొరికి, పరుగున వెళ్ళేసరికి పిన్ని మెట్లు దిగి వస్తోంది. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చీర, మొహంలో సంతోషం.

“ఏమన్నాడు పిన్నీ?”

“ఎంత మంచివాడే! కూర్చోమన్నాడు. ఎలా ఉన్నావమ్మా అని అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“బాగానే ఉన్నానండి అన్నాను. అంత పెద్దాయన అడిగితే ఇంకేమనాలి?”

“ఇన్ని మెట్లు ఎక్కావు కదా, నీ ఆయాసం చూళ్ళేదా ఆయన?”

“అయ్యో, రొప్పుకుంటూ ఎలా వెళ్తానే? పైకి వచ్చేసరికి కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను. ఈలోగా నా పేరు పిలిచారు. వెనకవాళ్ళని పంపించాను. మళ్ళీ పిలిచారు, మళ్ళీ ఇంకొకళ్ళని పంపాను. ఆయాసం మొత్తం తీరాక, మొహం కడుక్కుని, తల దువ్వుకుని అప్పుడు వెళ్ళాను.”

ఆవిడకు నా దగ్గర మెప్పు కావాలి. నేను ఆ మెట్ల మీదే తల పట్టుకు కూర్చున్నాను.

కాగితం వచ్చింది. మనిషి ఆరోగ్యంగా కనిపిస్తోంది, మూడంతస్తులు మెట్లెక్కి వచ్చింది, శ్వాస మామూలుగా ఉంది, బాగానే ఉన్నానని తానే చెప్పింది, కాబట్టి పని చేసుకోవచ్చు అని రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నా ఒళ్ళు మండింది అందుకే.

మళ్ళీ చూడమని అర్జీ పెట్టించాను. ఈసారి నేను పక్కనే ఉండి, మెట్లు ఎక్కగానే ఒక్క క్షణం ఆగనివ్వకుండా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. పిన్ని పెదాలు నీలంగా ఉన్నాయి. కుర్చీ అంచు పట్టుకుని ఊగిపోతోంది. డాక్టరు పాత కాగితం తిరగేశాడు.

“పోయినసారి నిక్షేపంగా ఉన్నావు కదమ్మా! ఈసారి ఎవరు నేర్పించారేంటి?” అని నా వైపు చూశాడు.

నా నోరు లేచింది. గుండె మీద గొట్టం పెట్టి వినమన్నాను, పెదాలు చూడమన్నాను, చదువుకున్నవాడివేనా అని కూడా అన్నాను. ఆయన గొట్టం ఇలా పెట్టి అలా తీసేశాడు. “చప్పుడు ఉంది, కాదనను. ఇలాంటి చప్పుడు పెట్టుకుని పని చేసుకుంటున్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. అరవకండి, బయట జనం ఉన్నారు” అన్నాడు. మాట పెగలని ఆ స్థితిలో పిన్ని ఏం చేసిందో తెలుసా? ఆయనకు రెండు చేతులూ జోడించింది. “చిన్నపిల్లండి... ఏమీ అనుకోకండి” అంది. ఉన్న కాస్త ఊపిరీ నా తరఫున క్షమాపణ చెప్పడానికి ఖర్చు పెట్టింది.

మళ్ళీ ప్రెస్సు దగ్గరికే. సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు, కూర్చోమని స్టూలు వేయించాడు. కూర్చుంటే కాలికి పెడలు అందదు. స్టూలు పక్కనే ఉంది, పిన్ని నిలబడే ఉంది. ఒక మధ్యాహ్నం ఊపిరి అందక కళ్ళు చీకట్లు కమ్మి, పడిపోకుండా ఆసరా కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి కాలే మూత మీద పడింది. పక్కవాళ్ళు లాగేసరికే మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఊడిపోయింది.

ఈసారి మర్యాదలు చూడాలి! కంపెనీ కారులో తీసుకెళ్ళారు. డాక్టరే కిందికి దిగి వచ్చాడు. “అయ్యయ్యో” అన్నాడు. గాయం పూర్తిగా మానేదాకా జీతంతో సెలవు అని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. ఎలా ఉన్నావని అడగలేదు. ఎందుకు తూలిపోయావనీ అడగలేదు. కారణం దగ్గర ‘అజాగ్రత్త’ అని ఉంది.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ సెలవులో పిన్ని కోలుకుంది. పాదాల వాపు తగ్గింది. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా ఆగకుండా నడిచి వచ్చి నాతో పరాచికాలాడింది. గుండె డాక్టరు పరీక్ష చేసి, ఇలాగే ఇంకో రెండు నెలలు ఉండగలిగితే ఆపరేషనుకు పనికొస్తుందన్నాడు. ఇంటికి వస్తూ దారంతా ఆవిడ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది.

మర్నాడు కట్టు మార్పించుకోవడానికి తీసుకెళ్ళాను. నర్సు గుడ్డ విప్పి మెచ్చుకోలుగా నవ్వింది. “భలే మానిందమ్మా! కొత్త చర్మం వచ్చేసింది చూడు. ఇంకో వారంలో పనిలోకి వెళ్ళిపోవచ్చు.”

పిన్ని రెండో చేతిని ఆ గాయం మీద అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. వరసలో కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

“నొప్పిగా ఉందా?” అంది నర్సు కంగారుగా.

“లేదమ్మా, నొప్పేం లేదు. ఆ మందు కాస్త తక్కువ రాద్దూ. ఇంకో రెండు నెలలు మానకుండా ఉంటే చాలు.”

నర్సు అర్థం కాక నా వైపు చూసింది. నేను పిన్ని వేళ్ళ సందుల్లోంచి ఆ చేతిని చూశాను. నిజమే, చాలా బాగా మానింది.