కోరలేదు, అడిగారు

మీటింగు రోజున ఆఫీసు వెనక వసారాలో మిరపకాయ బజ్జీలు వేగుతుంటే ఆ నూనె ఘాటు కిటికీలోంచి నేరుగా సమావేశ మందిరంలోకి వస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని మండలాలు మారినా ఆ వాసన మాత్రం మారలేదు. మొన్న కూడా అంతే. ఎజెండాలో ఇంకా మూడో అంశం నడుస్తోంది, వాసన వచ్చేసింది, సభ్యులు కుర్చీల్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. నాకు మాత్రం అలాంటప్పుడు ఆకలి గుర్తుకు రాదు. వెనక వరుసలో ఎవరో నిదానంగా లేచి, ముందున్న కుర్చీ వీపు పట్టుకుని, "అధ్యక్షా, ఒక ప్రశ్న" అంటారేమోనని తలెత్తి చూస్తాను. ఎవరూ లేవరు. అలా లేచే మనిషిని నా ఉద్యోగం మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆయన పూనెం జోగయ్య గారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న మండలంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. మాది మధిర వైపు. ఆ ఊళ్లూ, ఆ వాగులూ, ఆ మాటా అన్నీ కొత్త. మండల పరిషత్తు సమావేశాల మినిట్సు రాసే పని నాకు అంటగట్టారు. సభ్యులు పద్నాలుగు మంది. అందులో పదమూడు మంది ఒక పక్షం, జోగయ్య గారొక్కరే ప్రతిపక్షం. ఏ తీర్మానానికి చేతులెత్తమన్నా లెక్క ముందే తెలిసిపోయేది. అయినా ఆయన ప్రతి సమావేశానికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందు వచ్చి కూర్చునేవారు. ఒక్కడివే ఏం సాధిస్తావని అధ్యక్షుడు వేళాకోళం చేస్తే, "ఒక్కన్నయితేంది, నా మాట నేనే మాట్లాడుకుంట, ఎవ్వల్ని అడగనక్కర్లే" అని నవ్వేవారు. మంచి పని అనిపిస్తే అధికార పక్షంతో పాటు చెయ్యెత్తడానికి కూడా మొహమాటపడేవారు కాదు. ప్రతిపక్షమంటే అన్నిటికీ అడ్డం తిరగడం అనుకునే నాకు అదొక వింత.

అంతకు ముందు ఆయన చాలా ఏళ్లు అడవి గుంపుల్లో పోస్టు పని చేశారు. గుంపు అంటే అక్కడ పది ఇరవై ఇళ్ల పల్లె. ఉత్తరాలు ఇవ్వడమే కాదు, చదివి పెట్టడం, జవాబు రాసి పెట్టడం కూడా ఆయనే. అందుకే అందరికీ పోస్టు జోగయ్య.

నా మొదటి మీటింగు మర్నాడు పొద్దున్నే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. చిత్తు ప్రతి చూపించమన్నారు. చూపించాల్సిన అవసరం ఉందో లేదో నాకు తెలియదు, ఇచ్చేశాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు ఆనిస్తూ చదివారు. ఇప్పలగుంపు బడి పంతులును రెండేళ్ల కిందట డిప్యుటేషన్ మీద మండల కేంద్రానికి తెచ్చుకున్నారు, అక్కడ బడికి తాళం పడింది. పంతుల్ని ఎప్పుడు వెనక్కి పంపిస్తారన్నది జోగయ్య గారి ప్రశ్న. నేను పద్ధతి ప్రకారం "ఉపాధ్యాయుని తిరిగి పంపవలసిందిగా సభ్యులు కోరారు" అని రాశాను.

"బిడ్డా, నిన్న నేను కోరిన్నా, అడిగిన్నా?" అన్నారు.

"రెండూ ఒకటే కదండీ" అన్నాను.

"ఒక్కటెట్లయితది?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పుడు చెప్పారు ఒక ఉత్తరం సంగతి. ఒకావిడ భర్త వెదురు కొట్టే పనికి దూరం కూపులోకి, అంటే అడవిలో నరకడానికి కేటాయించిన చోటికి, పోయి నెలల తరబడి రాలేదట. ఎప్పుడొస్తవో అడుగు అని ఆమె చెప్తే, ఈయన అప్పట్లో కొత్త, నాలుగు మంచి మాటలు పడాలని "మీరు త్వరగా రావలెనని కోరుచున్నాను" అని రాశారు. జవాబు వచ్చింది: నీ కోరిక తెలిసినది, ఇచ్చట క్షేమం. అంతే. ఆమె ఈయన మీద లేచిందట. "నేను గట్ల చెప్పిన్నా నీకు? ఎప్పుడొస్తవ్ అని రాయి" అని. అదే రాశారు. మరుసటి ఉత్తరంలో ఏ వారం వస్తాడో రాసి వచ్చింది. "కోరితే తెలిసింది అంటరు. అడిగితే జవాబు చెప్పాలె" అన్నారు జోగయ్య గారు.

అది మాటల ముచ్చట మాత్రమే కాదని తర్వాత తెలిసింది. మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. మినిట్సులో "అడిగారు" అని ఉన్న అంశాలను విడిగా రాసి ఆయా శాఖలకు పంపేవాళ్లం, తర్వాతి సమావేశంలో వాళ్లు లేచి సమాధానం చెప్పాలి. "కోరారు" అని ఉన్నవి "నోట్ చేసుకోవడమైనది" కింద అక్కడే ఆగిపోయేవి. అంటే పదమూడు మంది మధ్య ఆ ఒక్క మనిషికి ఉన్న బలమంతా నా పెన్ను రాసే ఆ ఒక్క మాటలో ఉంది. అది తెలిశాక నాకు ఆ బల్ల దగ్గర కూర్చోవడమంటే కొంచెం భయం, కొంచెం గర్వం కూడా కలిగాయి. ప్రతి మీటింగు మర్నాడు ఆయన వచ్చి చిత్తు ప్రతి చదవడం, నేను టీ తెప్పించడం అలవాటైపోయింది. నా చేతిరాత బాగుందని ఉద్యోగంలో మొదట మెచ్చుకున్నది ఆయనే.

ఒక వేసవిలో మాత్రం మీటింగు మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికి రాలేదు. మీటింగులో వణుకుతూనే నిలబడి అదే ప్రశ్న అడిగారు. బడులు తెరిచే లోపల డిప్యుటేషన్ పొడిగిస్తారు, ఆ లోపలే సమాధానం కావాలి అన్నారు. మర్నాటికి చలిజ్వరం ముదిరి మంచాన పడ్డారు. మా సూపరింటెండెంట్ గారు నా భుజం మీదుగా చిత్తు ప్రతి చూసి, "ఆయన రాలేదు కదమ్మా, మామూలుగా రాసెయ్. అధ్యక్షుడు గారికి కూడా తలనొప్పి ఉండదు" అన్నారు. ఆయన నన్ను బెదిరించలేదు, బలవంతమూ పెట్టలేదు. నాకు మధిర బస్సు టైమవుతోంది. "కోరారు" అని రాసి, రిజిస్టరు మూసి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాను. తెలియక రాశానని చెప్పుకోవడానికి లేదు. తెలిసే రాశాను.

తర్వాతి సమావేశానికి బడులు తెరిచారు. ఇప్పలగుంపు పంతులు డిప్యుటేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. జోగయ్య గారు సగం చిక్కిపోయి వచ్చారు. తన ప్రశ్నకు సమాధానమేదని అడిగితే, విద్యాశాఖ అధికారి తమకు ప్రశ్నేదీ అందలేదన్నారు. రిజిస్టరు తెమ్మన్నారు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. క్లర్కు తప్పు రాసిందని ఒక్క మాట అంటే చాలు, ఆయనకు ఆ రోజు సభలో గెలుపు దక్కేది. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "జ్వరం మీదున్న గద, సరిగ్గ అడగలే అనుకుంట. మళ్ల అడుగుతున్న అధ్యక్షా" అన్నారు. అందరూ నవ్వారు. నేను బల్ల దగ్గరికి వచ్చి "అడిగారు" అని రాశాను.

సాయంత్రం బస్టాండులో ఆయన్ని పట్టుకుని, తప్పయిపోయిందని చెప్పాను. ఏడుపు వచ్చేసింది. "నాకెందుకు చెప్తవ్, నా చదువా పొయ్యేది?" అన్నారు. కోపంగా అనలేదు. "ఆదివారం వస్తవా, చూపిస్త" అన్నారు.

వెళ్లాను. ఆటో దిగాక వాగు దాటి చాలా దూరం నడిచాం. బడి ముందు అరుగు మీద మేకలు పడుకుని ఉన్నాయి. నలుగురైదుగురు పిల్లలు కర్రలు పట్టుకుని దూరంగా నిలబడి నన్నే చూస్తున్నారు. చీర కట్టుకున్న కొత్త మనిషి, భుజానికి బ్యాగు. ఒక పిల్ల దగ్గరికొచ్చి జోగయ్య గారిని కోయ భాషలో ఏదో అడిగింది. ఏమంటోందని అడిగాను.

"కొత్త పంతులమ్మ నువ్వేనా అంటుంది. ఏం చెప్పమంటవ్?"

కాదని ఆయనే చెప్పారు. పిల్లలు మేకల్ని తోలుకుని వెళ్లిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆ విషయం ఎత్తలేదు. కూపు దారిలో ఎలుగుబంటి ఎదురైతే పోస్టు సంచి ఎలా కాపాడుకున్నారో చెప్పి నన్ను నవ్వించారు.

ఆ తర్వాత ఏడాది పంతులు వెనక్కి వెళ్లారు. వరసగా నాలుగు సమావేశాల్లో లేచి సమాధానం చెప్పలేక విద్యాశాఖ వాళ్లే విసిగిపోయి పంపారు. జోగయ్య గారు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. నాకు బదిలీ అయింది. ఆయన పోయారని నాకు ఆలస్యంగా తెలిసింది, చివరి చూపుకు కూడా వెళ్లలేకపోయాను. ఆ బాధ అలాగే ఉంది.

కొన్నేళ్ల కిందట కొత్తగా ఉద్యోగాలకు ఎంపికైన వాళ్ల సర్టిఫికెట్లు పరిశీలించే పని నాకు వేశారు. ఒకమ్మాయి స్టడీ సర్టిఫికెట్‌లో మూడో తరగతికీ నాలుగో తరగతికీ నడుమ కొన్నేళ్లు ఖాళీగా ఉన్నాయి. ఊరు ఇప్పలగుంపు. ఖాళీకి కారణం రాయాలి. పక్కన కూర్చున్న సహోద్యోగి, "అనారోగ్యం అని రాసెయ్యండి మేడమ్, అందరికీ అదే రాస్తం" అన్నాడు. ఆ అమ్మాయిని అడిగాను.

"ఏమో మేడమ్, గప్పుడు మా బడికి సారు లేకుండె. ఎందుకు లేడో మాకు తెల్వది."

"పూనెం జోగయ్య గారు తెలుసా నీకు?"

"పోస్టు తాతనా? ఎందుకు తెల్వదు."

"మీ సారు కోసం ఆయన మీటింగుల్లో అడిగారు, ఏళ్ల తరబడి. మీకు చెప్పలేదా?"

"లే మేడమ్. మాకెప్పుడు చెప్పలే." సర్టిఫికెట్‌లో ఆ ఖాళీ వైపు చూసి, "మరి అడిగితే ఎందుకు రాలే సారు?" అంది.

ఆయన చెప్పలేదన్నమాట. తాను అడిగిన సంగతీ చెప్పలేదు, నేను రాసిన సంగతీ చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఆ గుంపులో అందరికీ తెలిసే ఉంటుందనీ, నా పేరు చెప్పుకుని తిట్టుకునే ఉంటారనీ అనుకుంటూ బతికాను. ఎదురుగా ఆ అమ్మాయి సమాధానం కోసం చూస్తోంది. అది కోరిక కాదు. అడిగింది. సహోద్యోగిని కాస్త పక్కకు జరగమని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఏళ్లు ఎలా పోయాయో, నా రాత వల్ల పోయిన ఏడాదితో సహా, మొదటి నుంచీ నేనే చెప్పాను.