డాబా మీది తోటను పంచిపెట్టి వెళ్ళిన దయామణి టీచర్

దయామణి టీచర్ గారు ఇక లేరు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆ గురువారం ఉదయం రేపల్లెలో ఆఫీసుకు బయల్దేరుతుండగా ఆవిడ చెల్లెలు కరుణ గారు ఫోన్ చేశారు. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అని ఆ ఒక్క మాటే చెప్పగలిగారు. మిగతా వివరాలు ఫోన్ అందుకున్న పక్కవాళ్ళు చెప్పారు. చెప్పులు వేసుకున్న కాళ్ళతోనే నేను గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆవిడ వ్యాధి సంగతి తెలియనిదేమీ కాదు. వైద్యులు ఆశ వదులుకున్నారనీ తెలుసు. అయినా ఆ వార్త పిడుగుపాటులా తాకింది. తెలిసి ఉండటం వేరు, ఓర్చుకోవడం వేరు.

తెనాలిలో ఆడపిల్లల బడిలో మూడు దశాబ్దాలకు పైగా ప్రకృతిశాస్త్రం బోధించిన విదుషీమణి ఆమె. పుట్టింది బాపట్లలో, నిరాడంబరమైన లూథరన్ కుటుంబంలో. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగ విరమణ చేశాక తెనాలిలోని అద్దె ఇంటి డాబానే ఉద్యానవనంగా మార్చుకున్నారు. నందివర్ధనం, గరుడవర్ధనం, సన్నజాజి, సంపెంగ, నాలుగు రంగుల కనకాంబరాలు, పగిలిన బక్కెట్లలో కరివేపాకు, పాత సింకులో తామర. ఇరుగుపొరుగు నలుగురితో కొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడంతో మొదలైన మా మొక్కల బృందం ఆవిడ పుణ్యమా అని బాపట్ల, రేపల్లె, వేమూరు దాకా పాకింది. నెలనెలా మొదటి ఆదివారం, ఆవిడ ఆరాధన ముగించుకుని వచ్చాక, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో కలిసేవాళ్ళం.

ఆ సమావేశానికి ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఎవరికి వారు తమకు అత్యంత ప్రియమైన మొక్క నుంచే కొమ్మో, పిలకో తేవాలి. దాన్ని ఎలా పెంచాలో తమ నోటితో చెప్పి ఇవ్వాలి. ఒకసారి ఎవరో ఇంట్లో అడ్డంగా ఉన్నాయని కలబంద పిలకలు సంచీ నిండా తెస్తే ఆవిడ పుచ్చుకోలేదు. "మిగిలిపోయింది తెచ్చి ఇవ్వడం పంచుకోవడం కాదండి, ఇల్లు సర్దుకోవడం" అన్నారు. ఆ వచ్చినావిడ మొహం చిన్నబోయింది. దయామణి గారి మాట అలాగే ఉండేది. పైపూత ఉండేది కాదు.

నేను ఆవిడ దగ్గరికి చేరింది దుఃఖంతోనే. మా అమ్మ పోయిన ఏడాది, ఆమె కుండీలో వేసిన బొండుమల్లె కూడా వాడిపోసాగింది. ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని రేపల్లె నుంచి తెనాలికి బస్సులో వెళ్ళాను. ఆవిడ కుండీని పక్కకి వంచి, మట్టిని వేళ్ళతో కదిపి, వాసన చూశారు. తర్వాత నా మొహం చూశారు.

"ఏడుపొచ్చినప్పుడల్లా నీళ్ళు పోశావా అమ్మాయ్?"

నేను తలూపాను. నిజంగా అదే చేశాను. రోజుకు ఎన్నిసార్లు అమ్మ గుర్తొస్తే అన్నిసార్లు చెంబు పట్టుకుని వెళ్ళాను. వేళ్ళు కుళ్ళిపోయాయనీ, మొదలు బతకదనీ ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. పచ్చిగా ఉన్న రెండు కొమ్మలు ఏటవాలుగా కోసి, ఇసక కలిపిన మట్టిలో గుచ్చి, నీడన పెట్టారు. నీళ్ళు పోసేముందు వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడమన్నారు. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయాలట. "వేళ్ళక్కూడా ఊపిరాడాలి కదా. ప్రేమ ఉంటే ఆగడం నేర్చుకో" అన్నారు. ఆ రెండింట్లో ఒకటి చిగురించింది. మల్లెకు పుష్యమాసంలో ఆకు దూయాలనీ, అప్పుడే వేసవిలో మొగ్గ విరగబూస్తుందనీ చెప్పి, ఏటా ఆ సమయానికి ఫోన్ చేసి మరీ గుర్తుచేసేవారు.

ఆవిడ కాఠిన్యం గురించి చెప్పి, ఆవిడ వినయం గురించి చెప్పకపోతే పాపం. నిజాంపట్నం నుంచి అంకమ్మ గారు అనే మత్స్యకార మహిళ మా సమావేశాలకు వస్తారు. చేపలు శుభ్రం చేయగా మిగిలిన వ్యర్థంలో బెల్లం కలిపి, మూతపెట్టి, మూడు వారాలు మాగనిచ్చి, ఆ ద్రవాన్ని బాగా పలచన చేసి గులాబీలకు పోస్తానని ఆమె ఒకసారి చెప్పారు. దయామణి గారు మధ్యలోనే ఆపేశారు. ఉప్పు తగిలితే వేరు చస్తుందనీ, తెలియని సంగతులు నలుగురిలో చెప్పకూడదనీ అందరి ముందూ గట్టిగా మందలించారు. అంకమ్మ గారు తర్వాతి నెల రాలేదు.

అంకమ్మ గారి గైర్హాజరు టీచర్ గారిని కుదురుగా ఉండనివ్వలేదు. నన్ను వెంటబెట్టుకుని బస్సులో నిజాంపట్నం బయల్దేరారు. అంకమ్మ గారి వాకిట్లో, ఆ ఉప్పుగాలిలో, ఎర్రగులాబీలు గుత్తులుగా పూసి ఉన్నాయి. దయామణి గారు వంగి వాటి మొదట్లో మట్టి తీసి చూశారు. అంకమ్మ గారు ఎండుచేప కాదు, పచ్చిచేపే వాడతారనీ, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగాకే బెల్లం కలుపుతారనీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని, పుస్తకంలో రాసుకున్నారు. క్షమించమని అడిగితే ఆమె కంగారుపడి, పెద్దవాళ్ళు అలా అనకూడదండి అన్నారు. తర్వాతి నెల బాపట్ల సమావేశంలో అందరి ముందూ టీచర్ గారు లేచి నిలబడ్డారు. "ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నోరండి ఇది. వినడం ఆలస్యంగా నేర్చుకుంది. ఈ రోజు పాఠం అంకమ్మ గారు చెబుతారు" అని, తాను కింద చాప మీద కూర్చున్నారు.

వ్యాధి తిరగబెట్టిందని తెలిశాక ఆవిడ మొట్టమొదట ఆలోచించింది మొక్కల గురించే. మెట్లెక్కే శక్తి పోయింది. మంచంలో పడుకుని, ఎవరికి ఏది వెళ్ళాలో కరుణ గారి చేత జాబితా రాయించారు. చైత్రం వెళ్ళాక, మా అందర్నీ తెనాలి రమ్మన్నారు. ఒక్కొక్క కుండీకి ఒక్కొక్కరి పేరు చీటీ కట్టి ఉంది. వెనక వైపు ఎండ ఎంత, నీరెంత, ఎరువెప్పుడు అన్నీ రాసి ఉన్నాయి. డాబా మీద నిలబడ్డామే గానీ ఒక్కరి చేయీ ముందుకు రాలేదు. తీసుకుంటే ఆవిడ మరణాన్ని ఒప్పుకున్నట్టే అని అందరికీ అనిపించింది. ఎంతసేపటికీ ఎవరూ దిగకపోయేసరికి కింద గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"నేను పోయాక వీటికి నీళ్ళెవరు పోస్తారు? సిగ్గుపడకండి. పట్టుకెళ్ళండి."

మొదట వంగి కుండీ ఎత్తింది అంకమ్మ గారే. ఆమె వెనకే తక్కినవాళ్ళు. ప్రతి ఒక్కరూ మంచం పక్కన ఆగి, తమ మొక్కను ఆవిడకు చూపించి, ఆవిడ ఆకులు నిమిరాక వెళ్ళారు.

నా పేరు చీటీ మనోరంజితానికి కట్టి ఉంది. పండిన పనసతొన వాసన వేసే ఆ పువ్వంటే ఆవిడకు పంచప్రాణాలు. నేను మాత్రం వట్టి చేతులతో కిందికి దిగాను. వచ్చే నెల వచ్చి తీసుకెళ్తానండి అన్నాను. అది అక్కడ ఉన్నంతకాలం ఆవిడకు ఏమీ కాదన్న పిచ్చి నమ్మకం నాది. ఆవిడ నన్ను తేరిపార చూసి, "నీ ఇష్టం. అశ్రద్ధ మాత్రం చేయకు" అన్నారు.

రోహిణీ కార్తెలో పరిస్థితి విషమించి ఆవిడను గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి తాళం పడింది. నేను వెళ్ళేసరికి ముక్కుకు గొట్టం ఉంది, మాట స్పష్టంగా రావడం లేదు. నా వేలు పట్టుకుని "నీళ్ళు" అన్నారు. నర్సును అడిగి, దూది తడిపి పెదాలకు అద్దాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. మళ్ళీ "నీళ్ళు" అన్నారు. మళ్ళీ అద్దాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అలసిపోయారనుకున్నాను. ఆ మరుసటి రోజే గురువారం.

బాపట్ల సమాధుల తోటలో, వారి అమ్మగారి పక్కన ఆవిడను భూస్థాపన చేశారు. అన్ని ఊళ్ళ నుంచీ వచ్చిన మా బృందం వాళ్ళం, ఎవరి పెరటి పూలు వాళ్ళం చల్లాం. సాయంత్రం కరుణ గారితో తెనాలి ఇంటికి వెళ్ళి, తాళం తీయగానే డాబా ఎక్కాను. కాళ్ళు కాలే ఆ ఖాళీ డాబా మీద ఒకే ఒక్క కుండీ ఉంది. వారం రోజులుగా దానికి చుక్క నీరు లేదు. మనోరంజితం ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడి అయిపోతున్నాయి. మొదలు దగ్గర గోటితో గీరి చూశాను. లోపల పచ్చదనం లేదు.

ఆవిడ నీళ్ళు అడిగింది ఎవరికోసమో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడే కూలబడి ఏడ్చాను. మాట్లాడటానికి శక్తి చాలని ఆ క్షణంలో కూడా ఆవిడ ఒక ప్రాణం గురించి రెండుసార్లు గుర్తుచేశారు. నేను రెండుసార్లూ వినలేదు.

అమ్మా, దయామణి గారూ, మీ దగ్గర పాఠం నేర్చుకున్న వాళ్ళలో అందరికంటే మందమతి ఈ శిష్యురాలు. మీ కరుణకు నమస్కరిస్తున్నాను. మీ కోపానికి అంతకంటే వంగి నమస్కరిస్తున్నాను. వందలాది ఇళ్ళలో మీరు నాటిన పచ్చదనం బతికే ఉంది. నాకిచ్చింది మాత్రం నిలుపుకోలేకపోయాను.

మొన్న మొదటి ఆదివారం బాపట్లలో కలిసినప్పుడు ఈ సంగతంతా దాచకుండా అందరికీ చెప్పాను. ఒకరు నా భుజం పట్టుకున్నారు. ఒకరు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆ దుఃఖంలో ఎవరికైనా మరుపు సహజమే అన్నారు, నీ తప్పు కాదన్నారు, ఇంకో మొక్క తెచ్చిస్తామన్నారు. అందరూ ఓదార్చారు. నన్ను తిట్టే మనిషి ఒక్కరూ లేరు. దయామణి టీచర్ గారు పోయారని నాకు నిజంగా తెలిసింది అప్పుడే.